డెవలప్‌మెంటల్ న్యూరోసైన్స్ సదస్సుకు బెంగళూరు నుంచి: అబ్‌స్ట్రాక్ట్ మొదలు బోర్డింగ్ పాస్ దాకా

ఐఎస్‌డీఎన్ అని అందరూ పిలిచే అంతర్జాతీయ డెవలప్‌మెంటల్ న్యూరోసైన్స్ (మెదడు ఎదుగుదలను చదివే శాస్త్రం) సొసైటీ 1978లో పుట్టింది. దాని పెద్ద సదస్సు రెండేళ్లకోసారి జరుగుతుంది. 2012 జనవరిలో మన ముంబైలోనే జరిగింది. తర్వాత 2014లో మాంట్రియల్, 2016లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని ఆంటీబ్, 2018లో జపాన్‌లోని నారా. 2020లో వాంకూవర్‌లో జరగాల్సినది కోవిడ్ వల్ల 2022కి పోయింది. ఈ వరస ఎందుకు చెబుతున్నామంటే, పీహెచ్‌డీ ఐదారేళ్లలో మీ చేతికందే సదస్సులు రెండు, మహా అయితే మూడు. మొదటి ఏడాది చూపించడానికి డేటా ఉండదు. అంటే ఒకటి తప్పిపోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి. బెంగళూరు పరిశోధన సంస్థలైన నిమ్హాన్స్, ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్, జేఎన్‌సీఏఎస్‌ఆర్‌లలో ఉన్న మన తెలుగు పిల్లలు డేటా లేక ఆగిపోయేది తక్కువ, తేదీలు తప్పి ఆగిపోయేదే ఎక్కువ.

సొసైటీ నుంచి కబురు వచ్చినప్పుడు అందులో చాలా ఉంటాయి: కౌన్సిల్ ఎన్నికలు, పత్రిక ప్రత్యేక సంచికలు, అవార్డులకు నామినేషన్లు, తర్వాతి సదస్సు ఊరు. అన్నీ చదవండి, కానీ కాగితం మీద రాసుకోవాల్సినవి నాలుగే: అబ్‌స్ట్రాక్ట్ (మీ పని సారాంశం) గడువు, ట్రావెల్ అవార్డు గడువు, తక్కువ ఫీజుతో రిజిస్ట్రేషన్ ముగిసే రోజు, సదస్సు మొదలయ్యే రోజు. ఇలాంటి సొసైటీల్లో విద్యార్థుల ట్రావెల్ అవార్డుకు సభ్యత్వం, గైడు ఉత్తరం అడగడం మామూలే. సభ్యుల రిజిస్ట్రేషన్ ఫీజు కూడా తగ్గుతుంది. కాబట్టి ఊరు ప్రకటించిన వారంలోనే విద్యార్థి సభ్యత్వం తీసేసుకోండి. గడువుకు ముందు రోజు రాత్రి కడదామంటే కార్డు పనిచేయదు. మన దేశంలో ఇచ్చే కార్డుల మీద విదేశీ లావాదేవీలు ముందే మూసి ఉంటాయి, 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన అది. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మీరే తెరుచుకోవాలి, పరిమితి కూడా పెంచుకోవాలి.

గడువు గంట ఎక్కడిదో చూడండి. రాత్రి 11:59 అని రాసి ఉంటే ఎవరి రాత్రి? మధ్య ఐరోపా సమయమైతే చలికాలంలో మనకు మర్నాడు తెల్లవారుజామున 4:29, వేసవిలో 3:29. లాస్ ఏంజెలెస్ చలికాలపు సమయమైతే మర్నాడు మధ్యాహ్నం 1:29. ఇవి మనకు అనుకూలం. జపాన్ సమయమైతే మాత్రం అదే రోజు రాత్రి 8:29కే తలుపు మూసేస్తారు. బెంగళూరు నుంచి చూస్తే తూర్పు దేశాల గడువులే ప్రమాదం.

అబ్‌స్ట్రాక్ట్‌లో వయసు

మెదడు ఎదుగుదల మీద పని చేసేవాళ్లకు “ఎప్పుడు” అన్నదే సగం డేటా. అయినా ఎక్కువ అబ్‌స్ట్రాక్టులు వయసు దగ్గరే తడబడతాయి.

చుంచెలుక కడుపుతో ఉండేది 19, 20 రోజులు. మనిషి నలభై వారాలతో లెక్క కడితే, చుంచెలుకలో ఒక్క రోజు తేడా మనిషిలో రెండు వారాలంత. మెదడు పైభాగమైన కార్టెక్స్‌లో న్యూరాన్లు లోపలి పొరలవి ముందు, పై పొరలవి తర్వాత పుడతాయి. ఈ12.5 నాడు (పిండానికి పన్నెండున్నర రోజుల వయసప్పుడు) ఈడీయూ (కొత్తగా పుట్టే కణాలకు గుర్తు వేసే రసాయనం) ఇస్తే ముఖ్యంగా లోపలి పొరల కణాలకు గుర్తు పడుతుంది, ఈ15.5 నాడు ఇస్తే పై పొరల కణాలకు. మధ్యలో ఒక రోజు అటూ ఇటూ అయితే మీరు చెప్పే పొరే మారిపోతుంది. ప్లగ్ (ఎలుకలు జత కట్టాయని చెప్పే గుర్తు) కనబడిన రోజును కొన్ని ల్యాబులు ఈ0.5 అంటాయి, కొన్ని ఈ0 అంటాయి, కొన్ని ఈ1 అంటాయి. మీ ల్యాబులో ఏది అంటారో అబ్‌స్ట్రాక్ట్‌లో ఐదు మాటల్లో రాసేయండి: “ప్లగ్ కనబడిన రోజు ఈ0.5గా లెక్కించాం.” ఆ ఒక్క వాక్యం లేక, వాల్‌ప్రోయేట్ మోడల్ (ఆ మూర్ఛ మందుతో ఎలుక పిల్లల్లో ఆటిజం లాంటి లక్షణాలు తెప్పించేది) లాంటి వాటిలో ఒకరి ఫలితానికి ఇంకొకరి ఫలితానికి పొంతన కుదరదు. ఆ మోడల్‌లో కడుపుతో ఉన్న ఎలుకకు ఈ12.5 ప్రాంతంలో ఒకే మోతాదు, మామూలుగా కిలోకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు ఇస్తారు. న్యూరల్ ట్యూబ్ (మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం) మూసుకునే రోజుల చుట్టూ ఉన్న చిన్న కిటికీ అది. అక్కడ ఒక రోజు జరిగితే మోడలే వేరు.

మనుషుల నమూనాల దగ్గర ఇంకో చిక్కు. ఆస్పత్రిలో గర్భం వారాలు చివరి నెలసరి నుంచి లెక్కేస్తారు. కొన్ని మెదడు అట్లాసులు గర్భం దాల్చిన రోజు నుంచి లెక్కేస్తాయి. రెండింటికీ తేడా సుమారు రెండు వారాలు. ఐఐటీ మద్రాసులోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో ధరణి పేరుతో రెండో త్రైమాసికపు పిండాల మెదడు చిత్రాలు విడుదల చేసింది. 5,132 ముక్కలను డిజిటల్‌గా మార్చి అందరికీ అందుబాటులో పెట్టారు. బెంగళూరు నుంచి రైల్లో ఐదారు గంటల దూరంలో ఇంత పని జరిగింది, దాన్ని మీ డేటాతో పోల్చుకోకపోతే నష్టం మీదే. పోల్చేటప్పుడు మాత్రం రెండు వైపులా వారాల లెక్క ఏదో ముందు సరిచూసుకోండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మీద పనిచేసే నిమ్హాన్స్ వాళ్లైతే, రాసిన వయసు పుట్టిన రోజు నుంచా, ముందు పుట్టిన వారాలు తీసేసిన సవరించిన వయసా అన్నది చెప్పాలి. పన్నెండు వారాలు ముందు పుట్టిన బిడ్డకు ఆరు నెలలంటే, సవరించిన వయసు దాదాపు మూడు నెలలే.

ఇక రెండో తప్పు, అన్నిటికంటే పెద్దది: ఎన్ (నమూనాలు ఎన్ని అన్నది) లెక్క. మూడు తల్లి ఎలుకలకు మందు ఇచ్చారు, ఈతకు ఎనిమిది పిల్లల చొప్పున ఇరవైనాలుగు పిల్లల్ని కొలిచారు. అబ్‌స్ట్రాక్ట్‌లో ఎన్ 24 అని రాస్తారు. కాదు, ఎన్ మూడే. మందు పడింది తల్లికి. ఒకే ఈతలో పుట్టినవి ఒకే గర్భం, ఒకే పాలు, ఒకే పంజరం పంచుకుంటాయి కాబట్టి ఒకదానికొకటి పోలి ఉంటాయి. వాటిని వేర్వేరుగా లెక్కేస్తే లేని తేడా ఉన్నట్టు కనబడుతుంది. ఈ సొసైటీ సదస్సులో పోస్టరు ముందు నిలబడే పెద్దవాళ్లు మొదట అడిగేది ఇదే. దారి ఏమిటంటే: ఈతకు ఒక్క మగపిల్లను, ఒక్క ఆడపిల్లను తీసుకోండి, లేదా గణాంకాల్లో ఈతల మధ్య తేడా కూడా లెక్కకొచ్చేలా, ఈతను ర్యాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టి మిక్స్‌డ్ మోడల్ నడపండి. “ఆరు ఈతల నుంచి ఇరవైనాలుగు పిల్లలు” అని రెండు అంకెలూ రాయండి. చేతిలో ఉన్నవి మూడు ఈతలే అయితే ప్రాథమిక ఫలితం అని చెప్పి పంపండి. పోస్టరుకు అది చాలు. దాచడం కంటే చెప్పడమే మీకు మేలు చేస్తుంది, ఎందుకంటే అక్కడ దొరికే సలహాతో తిరిగొచ్చి మిగతా ఈతలు సరిగ్గా వేసుకోవచ్చు.

రాసినదాన్ని ఫారంలో అతికించేటప్పుడు గ్రీకు అక్షరాలు మారిపోతాయి. మైక్రో గుర్తు “ఎం” అయిందనుకోండి, 5 మైక్రోగ్రాములు కాస్తా 5 మిల్లీగ్రాములవుతాయి, వెయ్యి రెట్లు. సమర్పించాక వచ్చే పీడీఎఫ్‌ను ప్రింటు తీసి, అంకెలున్న ప్రతి చోటా వేలు పెట్టి చదవండి. జంతువుల పనికి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి సంఖ్య, మనుషుల పనికి ఐఈసీ (దానికి వేరేగా ఉండే ఎథిక్స్ కమిటీ) అనుమతి చేతిలో ఉంచుకోండి. ఫారం మధ్యలో అడుగుతుంది, అర్ధరాత్రి ఆఫీసులో ఎవరూ ఉండరు.

ఇంటిపేరు

తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. టెన్త్ సర్టిఫికెట్‌లో “కె. లావణ్య”, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా, పేపర్ల మీద “లావణ్య కె.” అని ఉంటుంది. సదస్సు ఫారం చివరి పేరు లేకుండా ముందుకు కదలదు. అప్పటికి తోచింది కొట్టేస్తే, ఆహ్వాన పత్రం మీద అదే అచ్చవుతుంది, వీసా కౌంటర్లో పాస్‌పోర్టుతో సరిపోదు.

పద్ధతి ఇది. రిజిస్ట్రేషన్, ఆహ్వాన పత్రం, టికెట్, ఇన్సూరెన్సు నాలుగూ పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా ఉండాలి. అబ్‌స్ట్రాక్ట్ రచయితల వరసలో మాత్రం మీ పేపర్లలో వాడే పేరు పెట్టి, దానికి ఆర్కిడ్ ఐడీ (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే సంఖ్య) జతచేయండి. రెండు పేర్లూ ఒకరివేనని ఆహ్వాన పత్రంలోనే ఒక వాక్యం రాయమని నిర్వాహకులను అడగవచ్చు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేకపోతే ఇప్పుడే రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు చేర్పించుకోవడం మంచిదని మా గట్టి అభిప్రాయం. అమెరికా వీసాలో ఇలాంటి వాళ్లకు ఉన్న పేరు మొత్తం సర్‌నేమ్ గడిలోకి పోయి, మొదటి పేరు తెలియదు అనే అర్థంలో “ఎఫ్ఎన్‌యూ” పడుతుంది. తర్వాత పోస్ట్‌డాక్‌కి వెళ్లినప్పుడు బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో ఆ మూడు అక్షరాలు వెంటాడతాయి. పాస్‌పోర్టు ఊరి చిరునామాతో ఉంటే పోలీసు వెరిఫికేషన్ కర్నూలుకో అనంతపురానికో వెళ్తుంది, ఆ రోజు మీరక్కడ ఉండాల్సి రావచ్చు. ఆ వారంలో ఎలుకల ఈతలు పడకుండా బ్రీడింగ్ చూసుకోండి.

డబ్బు

ఒకే చోట నుంచి మొత్తం ఖర్చు వస్తుందని కూర్చోకండి. సొసైటీ ట్రావెల్ అవార్డు, ఐబీఆర్ఓ (అంతర్జాతీయ మెదడు పరిశోధన సంస్థ) గ్రాంట్లు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధి ఏఎన్ఆర్ఎఫ్ అంతర్జాతీయ ప్రయాణ సహాయం (పాత ఎస్‌ఈఆర్‌బీ పథకమే ఇది), డీబీటీ, సీఎస్‌ఐఆర్, ఐసీఎంఆర్, చివరికి మీ సంస్థ సొంత నిధి. అన్నిటికీ పెట్టండి. రెండు చోట్ల నుంచి వస్తే ఒకే ఖర్చును ఇద్దరికీ చూపించకూడదు. విమానం ఒకరికి, రిజిస్ట్రేషన్, బస ఇంకొకరికి అని ముందే రాతలో పంచుకోండి. ప్రభుత్వ పథకాలు అబ్‌స్ట్రాక్ట్ ఆమోదం ఉత్తరం అడుగుతాయి. ఆ ఉత్తరానికీ పథకం గడువుకూ మధ్య ఒక్కోసారి వారం రోజులే ఉంటుంది. కాబట్టి గైడు సంతకం, డైరెక్టరు ఫార్వర్డింగ్, బయోడేటా, ఖర్చుల అంచనా ముందే సిద్ధం చేసి పెట్టుకోండి. ఉత్తరం రాగానే దాన్ని చేర్చడమే మిగలాలి.

టికెట్ కొనేముందు అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి అడగండి. ప్రభుత్వ ఖర్చు మీద విమాన టికెట్లు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ద్వారానే కొనాలని ఆర్థిక శాఖ నియమం. చౌకగా దొరికిందని మీ ఫోన్లో కొనేస్తే, తర్వాత బిల్లు వెనక్కి వస్తుంది. పాపం, అలా సొంత స్టైపెండ్ పోగొట్టుకున్నవాళ్లు ప్రతి క్యాంపస్‌లోనూ కనిపిస్తారు. విదేశీ కార్డు లావాదేవీ మీద బ్యాంకు తీసుకునే 2 నుంచి 3.5 శాతం కూడా అంచనాలో వేయండి.

వీసా

ఐరోపాలోని షెంగెన్ దేశాలకైతే ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు పెట్టాలి. అసలు ఇబ్బంది అపాయింట్‌మెంటు దొరకడం. వేసవి సదస్సైతే మూడు నెలల ముందే వేట మొదలుపెట్టండి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై, తిరిగొచ్చాక ఇంకా మూడు నెలలు చెల్లి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఫోటో 35×45 మి.మీ. అమెరికాకు 2×2 అంగుళాల ఫోటో, ఇంటర్వ్యూకి చెన్నైకో హైదరాబాదుకో వెళ్లాలి. జపాన్‌కు నిర్వాహకుల నుంచి ఆహ్వాన కారణం, రోజువారీ కార్యక్రమం కాగితాలు కావాలి. అవి అడిగిన వెంటనే రావు, అబ్‌స్ట్రాక్ట్ ఆమోదం అందిన రోజే మెయిలు పెట్టండి.

స్టైపెండ్ ఖాతాలో నెలాఖరుకు పెద్దగా మిగలదు. స్టేట్‌మెంట్ తీసే ముందు రోజు నాన్నగారు రెండు లక్షలు వేస్తే అది అనుమానంగా కనబడుతుంది. దాని బదులు ఖర్చు ఎవరు భరిస్తున్నారో చెప్పే సంస్థ ఉత్తరం, గ్రాంటు మంజూరు పత్రం, సెలవు మంజూరు, ఫెలోషిప్ కొనసాగింపు పత్రం జతచేయండి. తిరిగొస్తారనడానికి ఇంకా రెండేళ్లు మిగిలిన పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ కంటే మంచి రుజువు లేదు.

ఇంకో మాట: మెదడు ముక్కలున్న స్లైడ్లు, కణజాలం బ్యాగులో పెట్టుకుని వెళ్లకండి. అక్కడి ల్యాబుకు నమూనాలు పంపాలంటే దానికి అనుమతుల దారి వేరు.

పోస్టరు

ఏ0 అంటే 841×1189 మి.మీ. నిలువా అడ్డమా అన్నది నిర్వాహకుల సూచనల్లో ఉంటుంది. ఊహించకండి. తప్పితే పోస్టరు సగం బోర్డు బయట వేలాడుతుంది.

చిత్రాల లెక్క చూడండి. కాన్ఫోకల్ మైక్రోస్కోపులో 1024×1024 పిక్సెళ్లతో తీసిన చిత్రం పోస్టరు మీద 17 సెం.మీ. వెడల్పు దాకా 150 డీపీఐ (అంగుళానికి చుక్కలు) నిలుపుతుంది, దగ్గర నుంచి చూసినా బాగుంటుంది. 512×512తో తీసి అదే 17 సెం.మీ.కి లాగితే 75 డీపీఐ, డెండ్రైట్లు (న్యూరాన్ కొమ్మలు) మెట్లు మెట్లుగా కనబడతాయి. అప్పుడు 8 సెం.మీ.కే ఉంచండి, లేదా మళ్లీ తీయండి. ఎరుపు, ఆకుపచ్చ జోడీ వద్దు, ఆ రెండూ వేరుగా కనబడనివాళ్లుంటారు. మెజెంటా, ఆకుపచ్చ వాడండి. డాపీ (కణ కేంద్రకాలకు వేసే రంగు) నీలాన్ని తెర మీద చూసి మురిసిపోకండి, అచ్చులో నలుపులో కలిసిపోతుంది. దాన్ని బూడిద రంగులోకి మార్చండి. ప్రతి చిత్రం మూల వయసు ఉండాలి: ఈ15.5, పీ0, పీ7 (పీ అంటే పుట్టాక రోజులు). వరుసలో నాలుగు చిత్రాలుంటే నాలుగింటికీ ఉండాలి. స్కేల్ బార్ చిత్రంలో భాగంగానే అచ్చు అయి ఉంటే చిత్రంతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. విడిగా గీసిన బార్ చిత్రాన్ని లాగినప్పుడు అలాగే మిగిలి అబద్ధం చెబుతుంది.

శీర్షిక 85 పాయింట్లకు తగ్గకుండా, లోపలి మాటలు 32, చిత్రాల కింద 24. సరిపోయిందో లేదో తేల్చే సులువు: మొత్తం పోస్టరును ఏ4 కాగితం మీద ప్రింటు తీయండి. ఏ0 నుంచి ఏ4కి పొడవు సరిగ్గా నాలుగో వంతవుతుంది కాబట్టి 32 పాయింట్ల అక్షరం 8 అవుతుంది. ఆ ఏ4ని కళ్లు చికిలించకుండా చదవగలిగితే అసలు పోస్టరు దూరం నుంచి చదవొచ్చు.

ప్రింటుకు ఫ్లెక్స్ షాపుకే వెళ్తారు. ఫ్లెక్స్ మీద మాత్రం వేయించకండి. బరువు, వాసన, మడిస్తే గీత పోదు. గుడ్డ మీద, అంటే పాలిస్టర్ బట్ట మీద వేయించండి. మడిచి బట్టల మధ్య పెట్టుకోవచ్చు, విమానంలో గొట్టం మోసే బాధ ఉండదు. షాపు అతను పీడీఎఫ్‌ను కోరెల్‌డ్రాలో తెరిచాడంటే ఫాంట్లు మారి బీటా, మైక్రో గుర్తులు డబ్బాలవుతాయి. “అన్నా, కోరెల్‌లో ఓపెన్ చేయొద్దు, పీడీఎఫ్ నేరుగా ప్రింట్‌కివ్వు” అని చెప్పి పక్కనే నిలబడండి. బెంగళూరు ప్రింటింగ్ షాపుల్లో తెలుగు బాగానే చెల్లుతుంది. ముందు ఒక కాన్ఫోకల్ చిత్రం ఉన్న మూలను ఏ3 ముక్కగా అదే బట్ట మీద వేయించి చూడండి, ఆకుపచ్చ ఎంత మందగించిందో తెలుస్తుంది. ప్రయాణానికి పది రోజుల ముందు ఇదంతా అయిపోవాలి. చివరి రోజు అయితే తప్పు కనబడినా అదే పట్టుకెళ్లాల్సి వస్తుంది.

రెండు నిమిషాలు

పోస్టరు ముందు ఆగే మనిషి ఇచ్చేది రెండు నిమిషాలు. ముందు తెలుగులో చెప్పి చూడండి, హాస్టల్లో వేరే సబ్జెక్టు చదివే అక్కకో అన్నకో. తెలుగులో చెప్పలేకపోయిన చోటే మీకు సరిగ్గా అర్థం కాని చోటు. “మైగ్రేషన్ డిస్‌రప్ట్ అయింది” అంటే సరిపోదు. పుట్టిన చోటు నుంచి కణం ఎక్కడికి పోవాలి, ఎన్నో రోజుకు చేరాలి, మీ ఎలుకల్లో ఎక్కడ ఆగిపోయింది, ఎన్ని ఈతల్లో అలా చూశారు. అది కుదిరాక ఇంగ్లీషులోకి మార్చండి. అప్పుడు వాక్యాలు చిన్నగా వస్తాయి.

నోట్‌బుక్ వెంట ఉంచుకోండి. ఎవరు ఏ ప్రశ్న అడిగారో ఆ రాత్రే రాసుకోండి, వారంలోపు వాళ్లకు మెయిలు పెట్టండి, అడిగిన గ్రాఫు జతచేయండి. సొసైటీ సొంత పత్రిక 1983 నుంచి వస్తోంది, 2020 నుంచి వైలీ ప్రచురిస్తోంది. ఆ పని పేపరుగా మారే దశలో ఉంటే, ప్రత్యేక సంచికల గురించి సంపాదకులతో అక్కడే మాట్లాడవచ్చు.

తిరుగు ప్రయాణంలో బోర్డింగ్ పాసులు పారేయకండి. అకౌంట్స్‌లో అన్నిటికంటే ముందు అడిగేది అవే. థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో చెరిగిపోతాయి, దిగిన రోజే ఫోటో తీసి, జిరాక్స్ కూడా తీయించి పెట్టుకోండి. పాల్గొన్నట్టు సర్టిఫికెట్ చివరి రోజు మధ్యాహ్నం లోపే రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర అడిగి తీసుకోండి, సాయంత్రానికి ఆ బల్లే ఉండదు.